జలుబే కదా అనే ముందు చొక్కా పైకెత్తి చూడండి

కర్నూలులో అంగన్‌వాడీ కార్యకర్తలు, చిన్నపిల్లల తల్లుల ముందు ఒక పిల్లల వైద్యురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు తీసేశాం, మాట తీరు మార్చలేదు.

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ చాప ఖాళీగానే ఉంది. పిల్లలు ఏడిస్తే ఏడవనీండి, నాకేం ఇబ్బంది లేదు. ముప్పై ఏళ్లుగా నా పనంతా ఆ ఏడుపుల మధ్యే.

ముందు ఒకటి అడుగుతాను. ఈ హాల్లో ఎంతమంది పిల్లలకు ఇప్పుడు ముక్కు కారుతోంది? చేతులెత్తండి. చూడండి, సగం పైనే ఉన్నారు. బడులు తెరిచి నెల కాలేదు, వానలు మొదలై వారమైంది, ఉండక ఏం చేస్తుంది. ఇంకొకటి అడుగుతాను. బిడ్డకేమైందని పక్కింటామె అడిగితే మీరేమంటారు? "ఏం లేదక్కా, పడిశం పట్టింది" అంటారు. ఏం లేదు, పడిశం. పడిశమంటే ఏమీ లేనట్టే లెక్క. మరి మన పెద్దవాళ్లేమన్నారు? పడిశం పది రోగాల పెట్టు అన్నారు. ఆ మాట కూడా మన నోట్లోదే. ఒకే ఇంట్లో జేజి ఒకటంటుంది, కోడలు ఇంకొకటంటుంది. ఏది నిజం? రెండూ నిజమే. రెండూ ఎట్లా నిజమవుతాయో చెప్పడానికే ఈ రోజు వచ్చాను.

నాకు బాగా గుర్తున్న ఒక రాత్రి ఉంది. అప్పుడు నేను ఉద్యోగంలో చేరి కొత్త. పత్తికొండ వైపు పల్లె నుంచి ఒక కుటుంబం వచ్చింది. తల్లి, అవ్వ, ఏడేళ్ల పాప, పది నెలల పిల్లోడు. అంతకు నాలుగు రోజుల ముందు పాపకు పడిశం పట్టింది. తుమ్మింది, చీదింది, రెండు రోజులకు మామూలుగా ఆడుకుంటోంది. నా ముందు కూడా ఆ బెంచీ మీద ఎక్కి దిగుతోంది. అదే పడిశం తమ్ముడికి అంటుకుంది. ముందు ఒకచోట చూపించారు. "జలుబే, సిరప్ తాగించండి, పోండి" అన్నారట. మూడు రోజులు తాగించారు. అవ్వ నాతో కూడా అదే అంది, "జలుబే మేడం, పాలు తాగడం లేదని తీసుకొచ్చినాం" అని. నేను పిల్లోడి చొక్కా పైకెత్తి చూశాను. ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. డొక్కలు ఎగరేస్తున్నాడు. లెక్కపెట్టాను, నిమిషానికి అరవై ఎనిమిది. ఆ సంఖ్య నాకు ఇప్పటికీ మరుపు లేదు. నాలుగు రోజులు ఆక్సిజన్ మీద ఉన్నాడు. బతికాడు. ఇంటికి పోయేటప్పుడు ఆ పాప మళ్లీ అదే బెంచీ ఎక్కి దిగుతోంది.

ఒకే ఇల్లు, ఒకే పడిశం. అక్కకు తుమ్ములు, తమ్ముడికి ఆక్సిజన్. ఎందుకు? ఆ రోజు నా దగ్గర దీనికి సరైన జవాబు లేదు. "చిన్నపిల్లోడు కదా, తట్టుకోలేకపోయాడు" అన్నాను. అది సగం జవాబే. మిగతా సగం తర్వాతి కాలంలో, మెల్లగా ఒక్కొక్క ముక్కగా తెలిసింది. ఈ రోజు మీకు చెప్పేది ఆ మిగతా సగమే.

మొదట తెలియాల్సింది ఏంటంటే, జలుబు అనేది ఒక రోగం కాదు. మలేరియా అంటే ఒక పరాన్నజీవి, టీబీ అంటే ఒక బ్యాక్టీరియా అని చెప్పగలం. జలుబు అట్లా కాదు. అది ఒక గుంపు పేరు. ముక్కు కారడం, తుమ్ములు, గొంతు గరగర, ఈ లక్షణాలు తెప్పించే వైరసులు రెండు వందల దాకా ఉన్నాయి. ఆ గుంపులో పెద్దది రైనోవైరస్. పెద్దవాళ్లకొచ్చే జలుబుల్లో సగం దాకా దానివే. రైనో అంటే గ్రీకు భాషలో ముక్కు. ఇది పోలియో వైరస్‌కు దగ్గరి చుట్టం, ఒకే వంశం. కానీ పోలియో వైరస్ కడుపులోని ఆమ్లాన్ని తట్టుకుని పేగుల్లోకి పోతుంది, రైనోవైరస్ ఆ ఆమ్లానికి చచ్చిపోతుంది. అందుకే అది ముక్కు, గొంతు, ఊపిరితిత్తుల దారినే పట్టుకుని ఉంటుంది.

జలుబు మీద మనిషి ఎంత కష్టపడ్డాడో ఒక్కసారి చెప్పాలి, నాకది చాలా ఇష్టమైన కథ. ఇంగ్లండులో సాల్స్‌బరీ అనే ఊరు పక్కన 1946లో జలుబు కోసమే ఒక పరిశోధన కేంద్రం పెట్టారు. దాదాపు నలభై నాలుగేళ్లు నడిచింది. మామూలు జనం వేలమంది స్వచ్ఛందంగా వచ్చి అక్కడ ఉండేవాళ్లు. వాళ్ల ముక్కుల్లో చుక్కలు వేసి జలుబు పడుతుందా లేదా అని చూసేవాళ్లు. ఒక ప్రయోగంలో కొందరికి వేడి నీళ్ల స్నానం చేయించి, తుడుచుకోనీయకుండా, తడి బట్టలతోనే గాలి కొట్టే వరండాలో నిలబెట్టారు. ఆ తర్వాత తడి మేజోళ్లు వేసుకుని ఉండమన్నారు. ఏమైంది? వట్టి చలికి వాళ్లకు జలుబు పట్టలేదు. వైరస్ లేకుండా చలి ఒక్కటే జలుబు తెప్పించలేదు.

ఇప్పుడు కొందరు అవ్వలు నా వైపు కోపంగా చూస్తున్నారు. "పెరుగన్నం తింటే పడిశం, తల తడిస్తే పడిశం, ఇన్నేళ్లుగా మేం చూసింది అబద్ధమా?" అని. పూర్తిగా అబద్ధం అనను. 2015లో అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల శ్వాసనాళాల కణాల మీద ఒక పని చేశారు. శరీరపు వేడి దగ్గర ఆ కణాలు వైరస్‌తో గట్టిగా పోరాడాయి. ముక్కు లోపల ఉండేంత చల్లదనంలో పెడితే ఆ పోరాటం మందగించింది. అంటే చలి జలుబును పుట్టించదు, వచ్చిన వైరస్‌కు ముక్కులో కొంచెం వెసులుబాటు ఇస్తుంది. పెరుగు సంగతి మాత్రం అవ్వలు నన్ను క్షమించాలి, పెరుగు వల్ల జలుబు రాదు.

ఆ సాల్స్‌బరీలోనే ఇంకో పెద్ద పని జరిగింది. జలుబు వైరస్‌ను ప్రయోగశాలలో పెంచడం ఎవరికీ సరిగ్గా చేతకాలేదు. శరీరం వేడి ముప్పై ఏడు డిగ్రీలు కదా, ఆ వేడిలో పెట్టి చూసేవాళ్లు. 1960లో డేవిడ్ టిరెల్ బృందం ముప్పై మూడు డిగ్రీలకు తగ్గించి చూసింది. అది ముక్కు లోపలి వేడి. వైరస్ పెరిగింది. ఇంత చిన్న మార్పుతో దారి తెరుచుకుంది. ఆ తర్వాత ఒక్కో రకాన్ని పట్టుకుంటూ, నంబర్లు వేసుకుంటూ పోయారు. వంద దాకా దొరికాయి. వాటిని ఎ, బి అని రెండు జాతులుగా విడగొట్టారు. ఇప్పటి లెక్కలో ఎ జాతిలో ఎనభై రకాలు, బి జాతిలో ముప్పై చిల్లర. ఇక అయిపోయింది, జలుబు వైరసులన్నీ మన లెక్కలోకి వచ్చాయి అనుకున్నారు.

అయిపోలేదు. 2006లో ఇంకో జాతి బయటపడింది. సి జాతి. ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కుంది? ఎక్కడా దాక్కోలేదు, మన పిల్లల ముక్కుల్లోనే ఉంది. ప్రయోగశాలల్లో వాడే మామూలు కణాల్లో అది పెరగదు, అందుకే కనపడలేదు. వైరస్‌ను పెంచి చూసే పద్ధతి పోయి, దాని జన్యువును నేరుగా చదివే పద్ధతి వచ్చాక దొరికింది. ఇప్పటికి దీంట్లో యాభైకి పైగా రకాలు తేలాయి. మూడు జాతులూ కలిపితే నూట అరవై దాటుతాయి. మీ పిల్లోడికి ఏడాదికి ఆరేడు సార్లు పడిశం ఎందుకు పడుతుందో, ఒకసారి పట్టింది మళ్లీ ఎందుకు పడుతుందో ఇప్పుడు తెలిసింది కదా? అది మళ్లీ పట్టడం కాదు. ప్రతిసారీ వేరే వైరస్. అంగన్‌వాడీకి పంపడం మొదలుపెట్టిన ఏడాదిలో ఇంకా ఎక్కువ సార్లు పట్టినా కంగారు పడొద్దు. బిడ్డలో శక్తి లేదని, రక్తం తక్కువని అనుకోవాల్సిన పని లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ ఎ, బి, సి మూడూ ఒకటేనా? పేర్లు పెట్టుకున్నది మన సౌకర్యానికేనా, లేక బిడ్డకు కూడా ఏమైనా తేడా ఉందా?

తేడా ఉంది. అమెరికాలో విస్కాన్సిన్ అనే రాష్ట్రంలో, మాడిసన్ ఊళ్లో, రెండు వందల మంది పైచిలుకు పసిపిల్లలను పుట్టినప్పటి నుంచి ఏడాది పాటు వెంబడించి చూశారు. జలుబు పట్టినప్పుడూ తీశారు, బాగున్నప్పుడూ తీశారు, ముక్కులోని చీమిడి. ఆ చీమిడిలో ఏ వైరస్ ఉందో రకంతో సహా చూశారు. 2012లో ఫలితాలు వచ్చాయి. బి జాతి పట్టిన పిల్లల్లో ఎక్కువమందికి తేలిగ్గా పోయింది. ఎ గానీ సి గానీ పట్టినప్పుడు జబ్బు ముదిరే అవకాశం బి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఏ కాలంలో పట్టిందన్నదాన్ని బట్టి కూడా తేడా వచ్చింది, చలికాలంలో పట్టినవి ఎక్కువ ముదిరాయి. ఆస్ట్రేలియాలో పెర్త్ నగరంలో ఇంకో పరిశీలన జరిగింది. ఉబ్బసం ముదిరి ఆసుపత్రికి వచ్చిన పిల్లల్లో సగానికి పైగా సి జాతి కనపడింది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సి పట్టిన ప్రతి బిడ్డా ఆసుపత్రికి పోతాడని కాదు. సి జాతి ముక్కులో ఉండి కూడా ఒక్క తుమ్ము రాని పిల్లలు బోలెడంత మంది. ఎ, సి రెంటిలో ఏది ఎక్కువ మొండిదన్న దాంట్లో అన్ని పరిశీలనలూ ఒకే మాట చెప్పవు. బి మాత్రం వాటికంటే మెత్తనిదని చాలా చోట్ల తేలింది. శ్వాసనాళాల కణాల్లో పెంచి చూస్తే బి మెల్లగా పెరుగుతుంది, కణాలను తక్కువ పాడు చేస్తుంది, వాపు కూడా తక్కువ తెప్పిస్తుంది.

ఎందుకిట్లా? ఇది మీకు అర్థమయ్యేటట్టు చెప్పాలని నిన్న రాత్రి చాలాసేపు ఆలోచించాను. వైరస్ తనంతట తాను ఏమీ చేయలేదు. కణం లోపలికి పోతేనే దాని ఆట. లోపలికి పోవాలంటే కణం గోడ మీద పట్టు దొరకాలి. మన కణాల మీద రకరకాల ప్రొటీన్లు గడియల్లాగా బయటికి పొడుచుకుని ఉంటాయి. మన పని కోసం ఉన్నవే అవి, వైరస్ కోసం పెట్టినవి కావు. ఎ జాతిలో ఎక్కువ రకాలు, బి జాతి మొత్తం, ఐకామ్-1 అనే గడియను పట్టుకుంటాయి. ఎ జాతిలో కొన్ని మాత్రం కొలెస్ట్రాల్‌ను లోపలికి తీసుకుపోయే గడియను పట్టుకుంటాయి. మరి సి? అది దేన్ని పట్టుకుంటుందో చాలా ఏళ్లు తెలియలేదు. 2015లో అదే విస్కాన్సిన్ వాళ్లు కనుక్కున్నారు. సిడిహెచ్ఆర్3 అనే ప్రొటీన్. ఇది ఎక్కడ ఉంటుంది? మన ఊపిరి గొట్టాల లోపలి గోడకు సన్నని నూగు ఉంటుంది. దుమ్మునూ గల్లనూ పైకి పైకి ఊడ్చి పంపేది ఆ నూగే. రోజంతా ఆగకుండా ఊడుస్తుంది. సి జాతి పట్టుకునేది సరిగ్గా ఆ నూగున్న కణాలనే. ఊడ్చే మనిషినే పడగొడితే ఇల్లు ఏమవుతుంది? ఇంకొకటి, సి ముప్పై ఏడు డిగ్రీల్లో కూడా బాగానే పెరుగుతుంది. దానికి ముక్కు చల్లదనమే కావాలని లేదు, లోపలికీ దిగగలదు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి, నన్ను చాలా కదిలించిన విషయం ఇది. ఆ సిడిహెచ్ఆర్3 ప్రొటీన్ అందరిలో ఒకటిగా ఉండదు. దాని జన్యువులో ఒకే ఒక్క అక్షరం తేడాతో రెండు రూపాలున్నాయి. ఒక రూపం ఉన్నవాళ్లలో ఆ గడియ కణం బయట ఎక్కువగా కనపడుతుంది, సి వైరస్‌కు సులువుగా దొరుకుతుంది. ఇంకో రూపంలో తక్కువ. గడియ సంగతి తెలియడానికి ఒక ఏడాది ముందే, 2014లో, డెన్మార్క్ వాళ్లు వేరే దారిలో ఇక్కడికే వచ్చారు. చిన్న వయసులో ఆయాసంతో మళ్లీ మళ్లీ ఆసుపత్రిలో చేరిన పిల్లల జన్యువులు చూస్తే ఈ మొదటి రూపం ఎక్కువ కనపడింది. వాళ్లు జన్యువు వైపు నుంచి వచ్చారు, విస్కాన్సిన్ వాళ్లు వైరస్ వైపు నుంచి వచ్చారు. రెండు దారులూ ఒకే తలుపు దగ్గర కలిశాయి.

ఆ తలుపు ఎంత పెద్దదో అడవిలో తేలింది. ఉగాండాలో కిబాలే అనే అడవిలో చింపాంజీలను ఏళ్ల తరబడి గమనిస్తున్నారు. 2013లో ఒక గుంపులో దగ్గులు మొదలయ్యాయి. యాభై ఆరు చింపాంజీల్లో ఐదు చచ్చిపోయాయి. చనిపోయిన ఒక పిల్ల శరీరాన్ని పరీక్షించారు. ఏం దొరికింది? మనుషుల జలుబు వైరస్. రైనోవైరస్ సి. మన ముక్కు తుడుచుకుని మరిచిపోయే వైరస్! చింపాంజీల జన్యువులు చూస్తే, చూసినవాటన్నిటిలో ఆ మొదటి రూపమే ఉంది, తలుపు బార్లా తెరిచి ఉన్న రూపం. మనిషికి మాత్రమే రెండో రూపం వచ్చింది. మనలో చాలామందికి అది ఉంది, కొందరికి లేదు. నా పది నెలల పిల్లోడికి ఏ వైరస్ పట్టిందో, అతని జన్యువులో ఏముందో నాకు తెలియదు, అప్పుడు చూసే పరీక్షలు కూడా లేవు. కానీ ఈ చింపాంజీల సంగతి చదివిన రోజు నాకు ఆ బెంచీ, ఆ పాప, ఆ పిల్లోడు గుర్తుకొచ్చారు. వైరస్ ఎంత బలమైనదో ఒక్కటే సరిపోదు. అది ఎవరి ఇంటి తలుపు తట్టిందో కూడా చూడాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ, పుట్టుకతో గుండె జబ్బున్న బిడ్డ, అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉన్న బిడ్డ, కట్టెల పొయ్యి పొగలో పెరిగే బిడ్డ, బీడీ తాగే ఇంట్లో ఉన్న బిడ్డ. వీళ్లకు పట్టిన పడిశాన్ని పక్కింటి బిడ్డ పడిశంతో పోల్చొద్దు.

ఉబ్బసం గురించి అడుగుతారని తెలుసు, ఇందాకే ఒకామె అడిగింది. పడిశం పట్టినప్పుడల్లా పిల్లికూతలు వస్తే పెద్దయ్యాక ఉబ్బసం వస్తుందా? ఆ మాడిసన్ పిల్లలనే ఆరేళ్లు వచ్చేదాకా చూశారు. మొదటి మూడేళ్లలో రైనోవైరస్‌తో పిల్లికూతలు వచ్చినవాళ్లకు ఆరేళ్లప్పుడు ఉబ్బసం ఉండే అవకాశం, రానివాళ్లకంటే ఇంచుమించు పది రెట్లు. పసిపిల్లలను ఎక్కువగా ఆసుపత్రి పాలు చేసే ఇంకో వైరస్ ఉంది, ఆర్‌ఎస్‌వి అంటారు. దానితో పిల్లికూతలు వచ్చినవాళ్లకు రెండున్నర రెట్లే. కానీ ఒక మాట మరిచిపోవద్దు. ఆ పరిశీలనలో తీసుకున్న పిల్లలందరికీ తల్లికో తండ్రికో అలర్జీ గానీ ఉబ్బసం గానీ ఉంది. మామూలు ఇళ్లకు ఆ లెక్క అట్లాగే సరిపోదు. వైరసే ఉబ్బసం తెప్పిస్తోందా, ఉబ్బసం వచ్చే గుణమున్న బిడ్డను వైరస్ ముందే బయటపెడుతోందా అన్న వాదన ఇంకా నడుస్తోంది. మీరు చేయాల్సింది ఒకటే. రెండు మూడు సార్లు పిల్లికూతలు వచ్చిన బిడ్డను పిల్లల డాక్టరుకు చూపించి, రాసిన ఇన్‌హేలర్ వాడండి. ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడి మానేసేవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. అలవాటు కాదు. మానేస్తేనే ప్రమాదం.

సరే మేడం, మా బిడ్డకు పట్టింది ఎ నా, బి నా, సి నా, ఎట్లా తెలుస్తుంది అంటారు. తెలియదు. ఆసుపత్రిలో ఖరీదైన పరీక్ష చేసినా మామూలుగా రైనోవైరస్ అనే వస్తుంది, జాతి పేరు రాదు. తెలిసినా మందు మారదు. టీకా లేదు, నూట అరవై రకాలకు ఒక టీకా చేయడం ఎంత కష్టమో మీరే ఊహించండి. 2016లో యాభై రకాలు కలిపిన టీకాను కోతుల మీద ప్రయత్నించారు, వాటి రక్తంలో వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీలు తయారయ్యాయి. అంతవరకు వచ్చింది. మరి ఇదంతా మీకెందుకు చెప్పాను? "జలుబే" అన్న మాటలో ఆ చివరి ఏ-కారం తీసేయమని అడగడానికి. ముక్కును చూసి మెత్తనిదో మొండిదో చెప్పలేం. బి అయినా ముక్కు కారుతుంది, సి అయినా ముక్కు కారుతుంది. చీమిడి పచ్చగా ఉందా, తెల్లగా ఉందా అని చూసి ఏమీ తేల్చలేం. చూడాల్సింది ముక్కు కాదు, ఛాతీ.

ఎట్లా చూడాలి? బిడ్డ నిద్రపోతున్నప్పుడు, లేదా ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు. పాలు తాగుతున్నప్పుడు కాదు. చొక్కా పైకెత్తండి, కడుపు, ఛాతీ రెండూ కనపడాలి. సెల్‌ఫోన్‌లో ఒక నిమిషం పెట్టుకోండి. నిమిషం నిండా లెక్కపెట్టండి, పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు, పసిపిల్లల ఊపిరి ఒకే తాళంలో నడవదు. కడుపు ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. రెండు నెలల్లోపు బిడ్డకు అరవై, రెండు నెలల నుంచి ఏడాది లోపు యాభై, ఏడాది నుంచి ఐదేళ్ల లోపు నలభై. ఆ సంఖ్యకు చేరినా, దాటినా అది వేగంగా ఊపిరి తీసుకోవడమే. ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన లెక్క. మీలో అంగన్‌వాడీ అక్కలకు ఇది శిక్షణలో చెప్పే ఉంటారు. డొక్కలు ఎగరేస్తుంటే లెక్కతో కూడా పని లేదు, వెంటనే ఆసుపత్రి. పాలు పట్టకపోయినా, మత్తుగా పడి ఉన్నా, పెదాలు నీలంగా మారినా, ఫిట్స్ వచ్చినా అంతే. రెండు నెలల్లోపు బిడ్డకు జ్వరం వచ్చినా, పాలు తాగడం తగ్గినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

మందుల సంగతి. దగ్గు సిరప్, జలుబు సిరప్ ఇంట్లో ఉంచుకుని, పెద్దోడికి రాసింది చిన్నోడికి పోస్తుంటారు. 2025లో మధ్యప్రదేశ్‌లో దగ్గు సిరప్‌లో విషం కలిసి పిల్లలు చనిపోయారు, టీవీలో చూసి ఉంటారు. ఆ తర్వాత కేంద్ర ఆరోగ్య శాఖ స్పష్టంగా చెప్పింది, రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు ఇవ్వొద్దని, ఐదేళ్ల లోపు వాళ్లకు కూడా మామూలుగా వద్దని. విషం కలవకపోయినా అవి పసిపిల్లలకు పనిచేయవు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. షాపులో అడిగి కొనొద్దు.

మరి ఏం చేయాలి? తల్లిపాలు ఎక్కువసార్లు, కొంచెం కొంచెంగా పట్టండి. ముక్కు మూసుకుంటే ఉప్పునీటి చుక్కలు దొరుకుతాయి, పాలు పట్టే ముందు వేయండి. ఏడాది దాటిన బిడ్డకు దగ్గుకు చెంచాడు తేనె ఇవ్వొచ్చు, ఏడాదిలోపు తేనె వద్దు. ఇక్కడ నేను చేతులు జోడించి అడిగేవి నాలుగున్నాయి. స్నానం చేయించి ముక్కులో నూనె పోయొద్దు, అది ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే నెమ్ము చేస్తుంది. సాంబ్రాణి పొగ వేయొద్దు. ఇందాక చెప్పిన నూగు కణాలు గుర్తున్నాయా, వైరస్ వాటిని పడగొట్టి ఉంటే పైనుంచి మనం పొగ పెట్టడం అన్యాయం. కర్పూరం నూరి ముక్కుకూ ఛాతీకీ పూయొద్దు, పసిపిల్లలకు అది ఫిట్స్ తెప్పిస్తుంది. వేడి నీళ్ల గిన్నె పెట్టి ఆవిరి పట్టొద్దు, ఒళ్లు కాలి వచ్చిన పిల్లలను నేను చాలామందిని చూశాను.

చేతులు సబ్బుతో కడగండి. శానిటైజర్ రాసుకున్నాం కదా అని వదిలేయొద్దు, ఈ వైరస్‌కు కొవ్వు పొర ఉండదు, అందుకే శానిటైజర్‌కు అంత సులువుగా లొంగదు. సబ్బు, పారే నీళ్లు, రెండు చేతులూ గట్టిగా రుద్దడం. చీమిడి తుడిచిన కొంగుతోనే ఇంకో బిడ్డ మూతి తుడవొద్దు. అది మనందరి చేతి వాటం, నాకు తెలుసు. పెద్ద పిల్లలు బడి నుంచి రాగానే కాళ్లు కడుక్కోమంటాం కదా, చేతులు కూడా కడిగించి ఆ తర్వాతే చిన్నవాళ్లను ఎత్తుకోనివ్వండి.

ఇంకా చెప్పొచ్చు గానీ ఒకటి చేసి చూపిస్తే మేలు. ఆ కిటికీ పక్కన కూర్చున్న అమ్మా, నీ ఒళ్లో బాబు నిద్రపోతున్నాడు కదా, ఎన్ని నెలలు? ఎనిమిదా. ముక్కు కారుతోంది, ఇక్కడికే కనపడుతోంది. లేపొద్దు, అట్లాగే ముందుకు తీసుకురా తల్లీ. ఇట్లా కూర్చో. చొక్కా పైకెత్తు, ఇంకొంచెం, బొడ్డు కనపడాలి. అందరూ చూడండి, డొక్కల దగ్గర గుంట పడుతోందా? పడటం లేదు. ఎవరైనా ఫోన్‌లో నిమిషం పెట్టండి. పెట్టారా? నాతో పాటు లెక్కపెట్టండి, గట్టిగా కాదు, లేస్తాడు. ఒకటి. రెండు. మూడు.

ముప్పై ఎనిమిది. ఎనిమిది నెలల బిడ్డకు ఎంతకు చేరకూడదన్నాం? యాభై. బాగున్నాడు. చొక్కా దించమ్మా. రాత్రికి మళ్లీ ఒకసారి లెక్కపెట్టు. ఇంకో బిడ్డను తీసుకురండి, ఈసారి లెక్క నేను కాదు, మీరే పెట్టాలి.